రోజుకు అరగంట నాకోసం: ఎక్కడ నుంచి తియ్యాలి?

బ్రాడీపేట_నాలుగోలైను:
గుంటూరు. ఆఫీసు తొమ్మిదిన్నర నుంచి ఆరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు. వంటలో వంక ఉండకూడదు, పండక్కి అన్నీ ఇంట్లోనే వండాలి. మా ఆయన సాయం చేస్తారు, చెబితేనే. "టైం మేనేజ్‌మెంట్" అనకుండా పనికొచ్చేది చెప్పండి.

పటమట_పద్మం:
చిక్కంతా ఆ "చెబితేనే" దగ్గరే ఉందండీ. చెప్పడమూ ఒక పనే. ఒక వారం అన్నీ రాయండి, గుర్తుపెట్టుకునే పనులతో సహా: గ్యాస్ బుకింగ్, అత్తగారి బీపీ బిళ్ళలు, స్కూలు ఫీజు. ఎవరి టైం దేనికి పోతుందో లెక్కేసిన కేంద్ర ప్రభుత్వ 2019 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళకి సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళకి 97. మీ ఇంటి లెక్క ఆయన్నే కూడమనండి.

తర్వాత ఒక్క పని మొత్తంగా అప్పగించండి. ఇడ్లీ పిండే అనుకోండి: మినపప్పు నిండుకుందని చూడటం దగ్గర్నుంచి గ్రైండర్ కడగడం దాకా ఆయనదే. కొలత ఫ్రిజ్ మీద అంటించండి. గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, పప్పు నాలుగు గంటలు నానాలి, రవ్వ కడిగి, నీళ్ళు గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలపాలి. మన ఎండలకి రాత్రంతా బయట ఉంచితే పులిసిపోతుంది, పొంగగానే ఫ్రిజ్‌లోకి. మొదట్లో జారుగానే వస్తుంది. మీరు వెళ్ళి సరిచేశారా, మూడోసారి గ్రైండర్ మళ్ళీ మీ నెత్తినే.

పొద్దున్నే_నడక:
ఇంట్లో కూర్చుంటే ఆ అరగంట "అమ్మా, నా సాక్సు" దాకానే. గడప దాటండి. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ఉందిగా. వేసవిలో ఐదున్నరకే వెళ్ళాలి. చురుగ్గా నడిస్తే ఐదు రోజులకి 150 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం చెప్పేది అంతే. ముందు మూడు రోజులే పెట్టుకోండి. పాలు ఎవరు కాస్తారో రాత్రే తేల్చుకోకపోతే గురువారానికి మానేస్తారు.

ల్యాబ్_రిపోర్టు:
ఎంత పడుకున్నా నీరసం తగ్గకపోతే బద్ధకమని తిట్టుకోకండి. సీబీసీ (రక్తకణాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించండి. హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే రక్తహీనతే. డాక్టర్ ఐరన్ రాస్తే కాఫీ, టీలకి గంటైనా ఎడం ఉండాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి ఆపెయ్యకండి. దిగులు రెండు వారాలు దాటితే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

వాయనం_సెనగలు:
అత్తగారి సంగతి ఎవరూ ఎత్తలేదే! వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది రకాలు చెయ్యలేనని ఆ పొద్దున అంటే గొడవే. పది రోజుల ముందే, మీ ఆయన చేత, మీరూ పక్కనుండగా చెప్పించండి. "చెయ్యను" కాదు, "పులిహోర, చలిమిడి, సెనగలు ఇంట్లో, పూర్ణాలు బయట ఆర్డరు" అని లెక్కగా చెప్పాలి. పూర్ణాలు ఏ కొట్లోవో ఆవిణ్ణే ఎంచుకోమనండి. తను ఎంచినదానికి తనే వంక పెట్టరు. చాలావరకు.

బ్రాడీపేట_నాలుగోలైను:
చీటీ అంటించాను. గ్లాసంటే ఏ గ్లాసు అని అడుగుతున్నారు.

పటమట_పద్మం:
ఏదైనా సరే, పప్పుకీ రవ్వకీ అదే గ్లాసు. ఆ గ్లాసు కూడా ఆయన్నే వెతుక్కోనివ్వండి.