బోర్డు పని నేర్చుకోవాలా, కాంబోలు మార్చుకుంటే చాలా?

ఆమదాలవలస కుర్రాడు:
అన్నయ్యలకి నమస్తే. డిగ్రీ అయ్యాక శ్రీకాకుళంలో ఒక సెల్ షాపులో చేరి ఆరు నెలలైంది. మొదట్లో టెంపర్ గ్లాసులు అంటించడం, టీలు తేవడమే పని. ఇప్పుడు కాంబోలు (డిస్‌ప్లే, టచ్ కలిసి వచ్చే అద్దం), బ్యాటరీలు, చార్జింగ్ పిన్నులు సొంతంగా మారుస్తున్నాను. నాకు బోర్డు పని, అంటే ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు రిపేరు, నేర్చుకోవాలని ఉంది. ఓనరుని అడిగితే "నువ్వు బోర్డు పట్టుకుని రెండు గంటలు కూర్చుంటే ఆ టైములో నేను నాలుగు కాంబోలు మార్చేస్తాను, ఎవడికి లాభంరా" అన్నాడు. నాన్న 50 వేలు సర్దుతానన్నారు. దాంతో కోర్సు చేయాలా, సామాను కొనుక్కోవాలా, లేక ఓనరు మాటే నిజమా?

విజయనగరం పాత కాపు:
తమ్ముడూ, మీ ఓనరు మాటే నిజం. 12 ఏళ్లుగా షాపు నడుపుతున్నాను. డెడ్ ఫోన్ తెచ్చినవాడికి 2,500 అవుతుందని చెప్పి చూడు, "ఈ ఫోనే 9 వేలండీ, ఈఎంఐలో కొత్తది తీసుకుంటాలెండి" అని లేచిపోతాడు. పోనీ ఒప్పుకున్నాడే అనుకో, బోర్డు మనం ముట్టుకున్నాక చచ్చిందంటే ఆ పాపం మనదే, "మీరు విప్పకముందు బానే ఉందండీ" అంటాడు, డెడ్ ఫోనే తెచ్చినా సరే. కాంబో అయితే వెలుగుతుంది, లేదా వెలగదు, అరగంటలో తేలిపోతుంది. మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి జనం కిక్కిరిసిన మర్నాడు వచ్చి నా కౌంటర్ చూడు, అన్నీ పగిలిన డిస్‌ప్లేలే.

మీటర్ మాస్టారు:
ఏడాదికోసారి వచ్చే అమ్మవారి పండగ మీద కుర్రాడి బతుకు కట్టకండి మాస్టారూ. మా వైపు కళింగపట్నం, భావనపాడు నుంచి వచ్చే ఫోన్లకి కాంబో మార్చి ఏం చేస్తారు? సముద్రపు నీళ్లలో ఉప్పు వల్ల కరెంటు బాగా పారుతుంది, బ్యాటరీ తగిలి ఉన్నంతసేపూ కనెక్టర్ కాళ్లని చిలుం పట్టించి తినేస్తూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లేమో బియ్యం డబ్బాలో పెట్టి మూడో రోజున తెస్తారు. బియ్యం ఉప్పుని లాగదు కదా. అదే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేసి, షీల్డులు (బోర్డు మీది రేకు మూతలు) ఎత్తి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి బ్రష్‌తో కడిగితే కొన్ని అక్కడే లేస్తాయి.

ఇక డబ్బు మాట. చెన్నైలో పని చేయించే మేస్త్రీ ఒకాయన కూలీల హాజరంతా ఫోన్‌లోనే రాసుకున్నాడు. ఆ ఫోన్ అమ్మితే 3 వేలు రావు. అది డెడ్ అయితే బోర్డు బాగుచేయించుకుని, 3,500 ఇచ్చి పట్టుకెళ్లాడు. ఇప్పటి ఫోన్లలో డేటా తాళం వేసి ఉంటుంది, మెమరీ ఐసీ (చిప్) ఒక్కటీ పీకి వేరే బోర్డులో పెడితే తెరుచుకోదు. ఆ బోర్డే, ఆ ప్రాసెసరే బతకాలి. అది కాంబో మార్చేవాడి వల్ల అవుతుందా?

పాత కాపు:
అలాంటి మేస్త్రీలు నెలకి ఎంతమంది వస్తారండీ మీకు? షాపు అద్దె మాత్రం నెలనెలా వస్తుంది.

మీటర్ మాస్టారు:
మేస్త్రీలు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ మీలాంటి షాపులు బోర్డు పని వస్తే బస్సులో వైజాగ్ పంపిస్తున్నాయా లేదా? నాకు వచ్చే పనిలో ఎక్కువ భాగం కస్టమర్లది కాదు, తోటి షాపులదే. పగలు కాంబోలు మార్చుకోమనండి, నేనేం వద్దన్నానా.

కోర్సు చేసొచ్చినవాడిని:
ఇద్దరూ షాపులు పెట్టుకున్నవాళ్లు, నేర్చుకునేవాడి బాధ మీకు గుర్తుండదు. నేను రెండేళ్లు షాపులో ఉన్నాను. కష్టమైన పని వచ్చిన ప్రతిసారీ మా ఓనరుకి టీ గుర్తొచ్చేది, నన్ను పంపేసి ఆ పని పూర్తి చేసేవాడు. పని దాచుకోవడం అంతే. అందుకే 45 రోజుల కోర్సుకి పోయాను. డయాగ్రామ్ చదవడం, ఏ లైన్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో వెతకడం అక్కడే వచ్చింది. అయితే అక్కడిచ్చే బోర్డుల్లో ఏం పోయిందో మాకు ముందే తెలుసు, వాళ్లే పోగొట్టి ఇచ్చేవాళ్లు. ఊరొచ్చాక మొదటి కస్టమర్ ఫోన్ విప్పితే చేతులు వణికాయి. అయినా కోర్సు దండగ అనను.

మీటర్ మాస్టారు:
ఆ టీ సంగతి నిజం బావు, నన్నూ పంపేవారు. కోర్సు తప్పనను. కుర్రాడికి చెప్పేది ఒకటే, 50 వేలు చేతికి రాగానే వేడి గాలితో సోల్డర్ (టంకం) కరిగించే హాట్ గన్ కొనకు. ముందు మంచి మల్టీమీటర్, తరవాత డీసీ పవర్ సప్లై (బ్యాటరీ బదులు కావలసినన్ని వోల్టులు ఇచ్చేది), కిలోల లెక్కన దొరికే స్క్రాప్ బోర్డులు. గన్ చివర్న.

నేనలా చేయలేదు కాబట్టే చెబుతున్నాను. చార్జ్ ఎక్కని ఫోన్ ఒకటి వస్తే, కొలవకుండానే చార్జింగ్ ఐసీ పోయిందని నమ్మేసి గన్ 400 డిగ్రీల మీద పెట్టి దాన్ని పీకాను. పక్కనున్న ప్రాసెసర్ కింద జిగురు ఉబ్బి, సోల్డర్ బయటికి కారి, చార్జ్ ఎక్కని ఫోన్ కాస్తా డెడ్ ఫోన్ అయింది. తీరా చూస్తే పోయింది చార్జింగ్ జాక్ ఉండే కింది సబ్ బోర్డు నుంచి మెయిన్ బోర్డుకి వచ్చే పట్టీ, 150 రూపాయలది. ఆ ఫోన్ ఖరీదు మూడు నెలలు నా జీతంలో కోశారు. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో ఎర్ర తీగ గ్రౌండ్‌కి (బోర్డు మైనస్‌కి) పెట్టి, చార్జింగ్ జాక్ డేటా కాళ్లు రెండూ నల్ల తీగతో చూసుంటే చాలు, రెండూ దాదాపు ఒకే రీడింగ్ ఇవ్వాలి, ఒకటి ఓఎల్ (దారే లేదని) చూపిస్తే లైన్ తెగినట్టే. రెండు నిమిషాల పని.

వేడి సంగతి కూడా వినండి. కంపెనీ వేసే సీసం లేని సోల్డర్ కరిగేది దాదాపు 217 డిగ్రీలకి, మనం వాడే 63/37 (తగరం, సీసం కలిపింది) అయితే 183కే. గన్ మీద 350 అని ఉంటే బోర్డుకి అంతా తగలదు, గాలి వేగం, దూరం, కింద రాగి ఎంత ఉందీ అన్నీ లెక్కే. ఆ లెక్క చేతికి రావాలంటే స్క్రాప్ బోర్డుల మీదే రావాలి, జనం ఫోన్ల మీద కాదు.

రాత్రి డ్యూటీ:
ఇంత కష్టం దేనికి భయ్యా, సాఫ్ట్‌వేర్ నేర్చుకో. లాకులు తీయడం, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) మార్చడం, కూర్చున్నచోటే డబ్బులు.

పాత కాపు:
కుర్రాడికి ఆ దారి చూపించకు. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికాం చట్టం ప్రకారం నేరం. మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నేనైతే బిల్లు లేకుండా లాక్ తీయమని వచ్చినవాడికి కుర్చీ కూడా వేయను.

మీటర్ మాస్టారు:
ఈ ఒక్క విషయంలో మీతో నాకు గొడవ లేదు.

ఆమదాలవలస కుర్రాడు:
షాపు కట్టాక ఓనరుని అడిగి డెడ్ బోర్డు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను, "ఏం పీకుతావో పీకు" అని ఇచ్చాడు. ఎర్ర తీగ గ్రౌండ్‌కి, నల్ల తీగ బ్యాటరీ కనెక్టర్ ప్లస్‌కి పెట్టాను. సున్నా చూపించి బీప్ కొడుతోంది. తీగలు తిప్పి పెట్టినా అంతే. ఇప్పుడేం చేయాలి?

మీటర్ మాస్టారు:
ఫుల్ షార్ట్, అంటే ప్లస్ లైన్ నేరుగా గ్రౌండ్‌కి కలిసిపోయింది. ఏమీ వేడి చేయకు. పవర్ సప్లై దొరికాక 1 వోల్ట్ మాత్రమే పెట్టి ఆ లైన్‌కి ఇవ్వు, బోర్డు మీద ఆల్కహాల్ పల్చగా రాయి. ఎక్కడ ముందుగా ఆరిపోతుందో దొంగ అక్కడే ఉంటాడు, చాలాసార్లు చిన్న కెపాసిటరే. పీకేసి మళ్లీ కొలువు.

పాత కాపు:
పవర్ సప్లై కొత్తది కొనకు తమ్ముడూ, నా దగ్గర ఒకటి మూలన పడి ఉంది. 1,200 ఇచ్చి తీసుకెళ్లు.

మీటర్ మాస్టారు:
కొనేముందు దాంట్లో ఆంపియర్ ముల్లు కదులుతుందో లేదో చూసుకో.