ఐరన్ మాత్రల వల్ల కడుపులో పుండ్లు పడతాయా?

వనజ:
మా అమ్మకు రక్తహీనత. ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి గుండెల్లో మంట, వికారం. పక్షవాతం వచ్చాక ఎక్కువగా పడుకునే ఉంటుంది. తల కొంచెం ఎత్తి, గుక్కెడు నీళ్లతో మాత్ర వేస్తున్నాం. ఎండోస్కోపీలో జీర్ణాశయం లోపలి పొర ఒరుసుకుపోయిందని, అక్కడక్కడా గోధుమరంగు మరకలున్నాయని చెప్పారు. బయాప్సీ నివేదికలో ‘ఐరన్ మాత్ర వల్ల కలిగిన గాయం’ అని రాశారు. రక్తం పట్టడానికి ఇచ్చే మందే కడుపును పుండు చేస్తుందా? మానేస్తే హిమోగ్లోబిన్ ఏమవుతుందోనని బెంగగా ఉంది.

పాథాలజిస్టు:
వనజ గారూ, చేస్తుంది. ఇలాంటి బయాప్సీలు చూడడమే నా పని. మాత్ర కరిగే చోట ఇనుము గాఢత ఒక్కసారిగా పెరిగి లోపలి పొరను కాలుస్తుంది. మైక్రోస్కోపు కింద ఆ గాయం మీద బంగారు వన్నె కలిసిన గోధుమరంగు పలుకులు కనిపిస్తాయి. పెర్ల్స్ రంగు వేస్తే అవి ముదురు నీలంగా మారతాయి, ఇనుమేనని తేలిపోతుంది. అయితే ఆ రంగు వేయాలని మాకు తోచాలి కదా! రోగి ఐరన్ మాత్రలు వాడుతున్నారని బయాప్సీ కాగితం మీద రాసి పంపితే మాకు ఎంత మేలో చెప్పలేను.

325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఇనుము దాదాపు 65 మిల్లీగ్రాములు. ఒంటికి పట్టేది అందులో కొంతే. పడుకుని మింగితే మాత్ర అన్నవాహికలోనే అంటుకుని అక్కడా పుండు చేయవచ్చు. ఏ మాత్రయినా కూర్చోబెట్టి, సరిపడా నీళ్లతో వేయండి. కనీసం అరగంట పడుకోనివ్వకండి. మింగేటప్పుడు పొలమారుతుంటే మాత్రం ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

నివేదిక ఇంత స్పష్టంగా ఉంది కాబట్టి తర్వాతి మాత్ర వేసే ముందే డాక్టరుతో మాట్లాడండి. ఐరన్ ఇవ్వడానికి మాత్ర ఒక్కటే దారి కాదు. ద్రవరూపంలో ఇవ్వవచ్చు, నరానికీ ఎక్కించవచ్చు.

రమణ:
నాకూ ఇలాగే అయితే ద్రవానికి మార్చారు. మంట చాలావరకు పోయింది. పళ్లకు నల్లటి మరకలు పడతాయి, స్ట్రాతో తాగించండి.

వనజ:
మలం కూడా నల్లగా వస్తోంది. అది ఐరన్ వల్లేనా, రక్తమా?

పాథాలజిస్టు:
ఐరన్ వల్లయితే సాధారణంగా ఆకుపచ్చ కలిసిన నలుపు. తారులా జిగటగా, భరించలేని వాసనతో వస్తే రక్తస్రావాన్ని అనుమానించాలి. అమ్మకు పుండ్లున్నాయి కాబట్టి రంగు చూసి మీరే తేల్చుకోవద్దు, ఇవాళే డాక్టరుకు చెప్పండి. కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొకటి అడగండి: అసలు రక్తహీనత ఎందుకొచ్చింది? ఈ వయసులో పేగుల్లో ఎక్కడో కొద్దికొద్దిగా రక్తం పోతుండవచ్చు. అది కనిపెట్టకుండా ఐరన్ పోస్తూ ఉండడం నాకు నచ్చదు.

సుజాత:
మా డాక్టరు రోజు విడిచి రోజు ఇవ్వమన్నారు. ఒక మోతాదు పడగానే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, దాదాపు ఒక రోజు పాటు ఇనుము పీల్చుకోవడాన్ని తగ్గిస్తుందట. ద్రవానికి మారిస్తే ఇదీ అడిగి చూడండి.

వనజ:
డాక్టరుకు ఫోన్ చేశాను. మాత్రలు ఆపమన్నారు. రేపు రక్తపరీక్ష చేసి, నరానికి ఎక్కించాలో లేదో చెప్తారట.