మీటర్‌లో ముల్లు మార్చాక బండి ఆగి ఉన్నా 10 చూపిస్తోంది, సరిచేయడం ఎలా?

ఏలూరు_కుర్రాడు:
అందరికీ నమస్తే. నాది 2013 డీజిల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. మీటర్ వెనక లైట్లు సరిగా వెలగట్లేదని ఒక యాక్సెసరీస్ షాపులో ఇస్తే డయల్ ఎత్తడానికి నాలుగు ముళ్లూ పీకేశారు. పీకడంలో స్పీడ్ ముల్లు మొదలు దగ్గర విరిగింది. స్క్రాప్‌లో అదే మోడల్ మీటర్ పట్టుకుని దాని ముల్లు తీసి నా దాంట్లో గుచ్చి ఇచ్చేశారు. లైట్లు బాగున్నాయి. కానీ బండి ఆగి ఉన్నప్పుడు కూడా ముల్లు 10 దగ్గర నిలబడుతోంది. తాళం తిప్పగానే పైదాకా వెళ్లి వస్తుంది కదా, అది వస్తోంది, కాకపోతే సున్నాకి రాకుండా 10 దగ్గరే ఆగిపోతోంది. ఆర్‌పీఎం బానే ఉన్నట్టుంది. డీజిల్ ముల్లు మాత్రం ఫుల్ ట్యాంక్ కొట్టించినా ముప్పావు దాటట్లేదు. షాపు వాళ్లని అడిగితే "మీటరే మార్చేయండి సార్" అంటున్నారు. ఇంట్లో చేసుకునే పనేనా ఇది? లేక ముల్లుని తిప్పే మోటార్ పోయిందా?

బెజవాడ_మీటర్:
తమ్ముడూ, మీటర్ మాత్రం మార్చకు. స్క్రాప్ మీటర్ పెడితే ఆ బండి తిరిగిన కిలోమీటర్లు నీ బండికి వచ్చేస్తాయి, రేపు అమ్మేటప్పుడు రీడింగ్ తిప్పావని నిన్నే అనుమానిస్తారు. కొన్ని మోడళ్లలో ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కూడా మీటర్‌తో ముడిపడి ఉంటుంది, అప్పుడు బండి స్టార్టే అవ్వదు.

ముందు ఒక పని చెయ్. ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ యాప్ పెట్టుకో, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని హైవే మీద 60, 80, 100 దగ్గర కాసేపు ఒకే స్పీడ్‌లో పోనిచ్చి, మీటర్ ఎంత చూపిస్తోందో వాళ్లతో రాయించు. నువ్వు డ్రైవ్ చేస్తూ ఫోన్ చూడొద్దు. ఇంకోటి, నాలుగైదు సార్లు తాళం తీసి వేసి చూడు, ముల్లు ప్రతిసారీ అదే 10 దగ్గర ఆగుతోందా, ఒకసారి 10 ఒకసారి 25 అలా మారుతోందా. ఈ రెండూ చెప్తే మిగతాది చెప్పేయొచ్చు.

ఏలూరు_కుర్రాడు:
థాంక్స్ అన్నా. గన్నవరం వైపు వెళ్తూ చూశాం. జీపీఎస్ 60 అన్నప్పుడు మీటర్ 72, 80కి 92 కంటే కొంచెం పైన, 100కి 113. తాళం ఎన్నిసార్లు తిప్పినా అదే 10, ఒక్క గీత కూడా తేడా లేదు.

బెజవాడ_మీటర్:
ఇంకేం, మోటార్ బాగుంది, ముల్లు తప్పు చోట గుచ్చారంతే. అన్ని స్పీడుల దగ్గరా తేడా ఇంచుమించు అంతే ఉంది చూడు, 12, 12, 13. ముల్లు పక్కకి జరిగితే ఇలాగే వస్తుంది. టైర్ సైజు మారడం వల్ల వచ్చే తేడా అయితే స్పీడ్‌తో పాటు పెరుగుతుంది, 50 దగ్గర 5 ఉంటే 100 దగ్గర 10 అవుతుంది, సున్నా దగ్గర అసలు ఉండదు. అలాంటిది ముల్లు ఎటు జరిపినా పోదు. తాళం తిప్పిన ప్రతిసారీ వేరే చోట ఆగితే అప్పుడు మోటార్ స్టెప్పులు తప్పుతోందని అర్థం.

నీ బండి సంవత్సరానికి లోపల ఉండేది స్టెప్పర్ మోటారే, అంటే చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగేది. పెసరగింజంత గేర్లుంటాయి లోపల. సున్నా కిందకి పోకుండా ఆపే అడ్డు కూడా మోటార్‌లోనే ఉంటుంది, డయల్ మీద కనపడదు. మీటర్‌కి కరెంటు రాగానే మోటార్ వెనక్కి వెళ్లి ఆ అడ్డుకి తగిలి, అక్కడి నుంచి లెక్క మొదలెడుతుంది. దాని మీద ముల్లు ఎటు చూస్తోందో దానికి తెలియదు, అది మనం గుచ్చినదాన్ని బట్టే.

తీసేటప్పుడు: బ్యాటరీ నెగటివ్ తీసేసి మీటర్ బయటికి లాగు. సాకెట్ పీకడం, పెట్టడం ఎప్పుడైనా తాళం ఆఫ్‌లోనే, లేకపోతే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి కూర్చుంటుంది, దాన్ని స్కానర్‌తో తీయించుకోవాలి. ముందు అద్దం విప్పాక డయల్ మీద ముల్లు బొడ్డుకి (ఇరుసు మీద కూర్చునే గుండ్రటి మొదలు) రెండు పక్కలా విజిటింగ్ కార్డులు పరుచు, గీతలు పడకుండా. రెండు టీ చెంచాలు ఎదురెదురుగా బొడ్డు కిందకి పెట్టి రెండింటినీ ఒకేసారి నొక్కితే నిటారుగా పైకి లేస్తుంది. ఒకవైపు నుంచే ఎత్తితే మోటార్ ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి ఇరుసే ముల్లుతో పాటు ఊడి వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్ అసలు పెట్టొద్దు. నీ ముల్లు అలా పెట్టే విరిగి ఉంటుంది!

పెట్టేటప్పుడు: అద్దం లేకుండానే మీటర్‌కి సాకెట్ పెట్టి, బ్యాటరీ కలిపి, తాళం తిప్పు, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు. ఇరుసు పైకి వెళ్లి తిరిగి వచ్చి ఆగే దాకా ఆగి, అప్పుడు ముల్లుని సరిగ్గా సున్నా గీత మీదకి చూపిస్తూ బొడ్డు మీద వేలితో మెల్లగా నొక్కు. మొత్తం దిగేదాకా కాదు, ముల్లుకీ డయల్‌కీ మధ్య రెండు విజిటింగ్ కార్డులు పట్టేంత సందు ఉండాలి. మరీ దింపేస్తే ఎండలో డయల్ కొంచెం ఉబ్బినా రాసుకుని ముల్లు పట్టేస్తుంది. తర్వాత తాళం ఆఫ్, ఆన్ చేసి మళ్లీ సున్నాకే వస్తోందో లేదో చూసుకున్నాకే అద్దం పెట్టు.

ఓఆర్ఆర్_రైడర్:
ఇంత గొడవెందుకు బ్రో? ఔటర్ ఎక్కి జీపీఎస్ 100 దగ్గర ఫిక్స్ చేసుకుని, ముల్లు కూడా సరిగ్గా 100 చూపించేలా పెట్టేస్తే అయిపోద్ది కదా. కంపెనీ మీటర్లన్నీ ఎక్కువే చూపిస్తాయి, అది కూడా పోతుంది.

బెజవాడ_మీటర్:
వద్దు. నడిచే బండిలో అద్దం తీసి ముల్లు గుచ్చడం సంగతి పక్కన పెట్టు, లెక్క కూడా కుదరదు. ఆయన బండిలో ముల్లు తేడా 10 పోతే మిగిలేది 60 దగ్గర 2, 100 దగ్గర 3. అది కంపెనీ కావాలని వదిలింది. 100 దగ్గర ఆ 3 కూడా లాగేస్తే ముల్లు సున్నాకి కింద నిలబడుతుంది, ఊళ్లో 30లో వెళ్తుంటే మీటర్ 28 చూపిస్తుంది. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటర్ అసలు స్పీడ్ కంటే తక్కువ చూపించనే కూడదు. ఎక్కువ చూపించొచ్చు, అది కూడా అసలు స్పీడ్‌లో పదో వంతు, దాని మీద ఇంకో 4 వరకే. 80లో వెళ్తుంటే 92 దాకా. అందుకే ముల్లు ఎప్పుడైనా సున్నా దగ్గరే పెట్టుకోవాలి, జీపీఎస్ సరిచూసుకోవడానికి మాత్రమే.

డాలస్_చిన్నా:
ఇక్కడ నా పికప్ ట్రక్‌లో ముళ్లు ఇష్టమొచ్చినట్టు తిరిగితే మోటార్లే మార్చాను, అది వేరే కథ. నీకు ఆ అవసరం లేదు కానీ తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని రాస్తున్నా. చాలా బండ్లలో ఎక్స్27.168 అనే రకం మోటారో దానికి సరిపోయేదో ఉంటుంది. నాలుగు కాళ్లు, రెండు కాయిల్స్. మల్టీమీటర్ పెడితే ఒక్కో కాయిల్ 280 ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి, ఒకటి ఓపెన్ (తీగ తెగినట్టు) వస్తే మోటార్ పోయినట్టే. కాయిల్స్ బాగున్నా లోపల గేర్ పన్ను అరిగితే స్టెప్పులు తప్పుతుంది, అది మల్టీమీటర్‌లో తెలియదు. ముల్లు మొత్తం తిరిగేది 315 డిగ్రీలు. టంకం వేయడం వచ్చినవాళ్లకి పెద్ద పని కాదు.

ఆర్‌పీఎం "బానే ఉన్నట్టుంది" అన్నావు కదా, అలా వదిలెయ్యకు. ఓబీడీ (బండి కంప్యూటర్ రీడింగులు చదివే సాకెట్) బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఐడ్లింగ్‌లో ఒకసారి, 3000 దగ్గర ఒకసారి యాప్‌లో వచ్చే అంకెతో పోల్చి చూడు. స్పీడ్ మాత్రం ఓబీడీలో మీటర్ కంటే కొంచెం తక్కువ వస్తుంది, కంగారు పడకు, ఆ ఎక్కువ కలిపేది మీటరే.

ఏలూరు_కుర్రాడు:
ఆదివారం స్పీడ్ ముల్లు తీసి పెట్టాను, చెంచాల టెక్నిక్ భలే పనిచేసింది. ఇప్పుడు సున్నా మీదే ఉంది, 80కి 82 చూపిస్తోంది. ఆర్‌పీఎం యాప్‌లో 820, ముల్లు 800 పైన, ఓకే. మరి డీజిల్ ముల్లు? దాన్ని కూడా ఫుల్ ట్యాంక్ కొట్టించి ఎఫ్ మీద పెట్టేయనా?

బెజవాడ_మీటర్:
సూపర్. డీజిల్‌కి మాత్రం తొందరపడకు, ముల్లు తప్పా ట్యాంక్‌లో ఫ్లోట్ (డీజిల్ మీద తేలుతూ మట్టం చెప్పేది) తప్పా ముందు తేల్చుకో. తగ్గే దాకా తిప్పి, లో ఫ్యూయల్ లైట్ వెలిగినప్పుడు ముల్లు ఎక్కడుందో చూడు. ఆ లైట్ ఫ్లోట్ నుంచి వచ్చే రీడింగ్‌ని బట్టి వెలుగుతుంది, ముల్లుతో దానికి సంబంధం లేదు. లైట్ వచ్చేసరికి ముల్లు ఎరుపు గీత దాటి బాగా కిందకి పోయి ఉంటే ముల్లు కింద గుచ్చారని అర్థం, పైకి జరుపు. లైట్ వచ్చినప్పుడు ముల్లు మామూలుగా ఎరుపు దగ్గరే ఉండి ఫుల్ దగ్గర మాత్రమే తక్కువ చూపిస్తుంటే అది ట్యాంక్ లోపల ఫ్లోట్, అక్కడ ముల్లు జరిపితే ఖాళీ ట్యాంక్‌కి కూడా డీజిల్ ఉన్నట్టు చూపించి రోడ్డు మీద నిలబెడుతుంది.

అన్నట్టు టెంపరేచర్ ముల్లు కూడా పీకారన్నావు. అది ఇంకా ముఖ్యం. ఇంజిన్ వేడెక్కాక అది మధ్యలోనే కదలకుండా ఉండేలా మీటరే చూసుకుంటుంది, కొన్ని డిగ్రీలు అటూఇటూ అయినా కదలదు. మధ్యలో ఉండాల్సిన ముల్లుని కింద గుచ్చి ఉంటే, నిజంగా ఓవర్ హీట్ అయినప్పుడు అది ఎరుపులోకి రాదు, నువ్వు హాయిగా నడుపుకుంటూ పోతావు. రేపు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పి సీ (చల్లగా అని) గీత మీద ఉందో లేదో చూడు, బాగా వేడెక్కాక ఓబీడీ యాప్‌లో కూలెంట్ 90 దగ్గర ఉన్నప్పుడు ఎక్కడుందో ఫొటో తీసి ఇక్కడ పెట్టు.