బాబు రక్తంలో సీసం 26: చిలేషన్ మందు ఇప్పించాలా, వద్దా?

చిన్నోడి నాన్న: బాబుకి మూడేళ్లు. పాత అద్దె ఇల్లు మాది. సీసం కలిసిన పాత కిటికీ రంగు పెచ్చులు గీరి నోట్లో పెట్టుకునేవాడు. రక్తంలో సీసం డెసిలీటరుకు 26 మైక్రోగ్రాములు వచ్చింది. డాక్టరుగారు ఒంట్లోని సీసాన్ని పట్టి బయటికి పంపే చిలేషన్ మందు ఇప్పుడే వద్దు, నెలాగి మళ్లీ పరీక్ష చేద్దాం అన్నారు. ఒంట్లో విషం ఉందని తెలిసీ ఊరుకోవడమేనా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

సుధ: ఊరుకోకండి. నైజీరియాలోని జంఫారాలో 2010లో, బంగారం కోసం సీసమున్న రాళ్లు ఇళ్ల దగ్గరే పొడి చేస్తే వందల మంది పిల్లలు పోయారు. సక్సిమర్ అనే చిలేషన్ మాత్రలు ఇచ్చాకే మిగతావాళ్లు చాలామంది బతికారు. మందు ఉండగా ఎదురుచూడటం ఎందుకు?

మందుల మనిషి: ఫార్మసీలో పనిచేస్తాను. సుధగారూ, అక్కడ చాలామంది పిల్లల్లో సీసం 100 దాటింది. అయినా ముందు ఊళ్లో విషపు మట్టి ఎత్తించి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టారు. శుభ్రం కాని ఇంట్లో మందిస్తే, ఒకపక్క సీసం పోతుంటే మరోపక్క చేరుతూనే ఉంటుంది.

ఈ బాబు లాంటి పిల్లల మీదే అమెరికాలో పెద్ద పరీక్ష జరిగింది. 20 నుంచి 44 మధ్య సీసమున్న 780 మంది. సక్సిమర్‌తో రక్తంలో సీసం తగ్గింది. కానీ మూడేళ్ల తర్వాత చూస్తే, మందు వాడినవాళ్లకి, వాడనివాళ్లకి తెలివితేటల్లో తేడా లేదు. ఫలితాలు 2001లో వచ్చాయి. మందు ఆపగానే ఎముకల్లో దాగిన సీసం మళ్లీ రక్తంలోకి వస్తుంది. 45, ఆపైన ఉంటే చిలేషన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత ఉంటే నేనే ముందు ఇప్పించమంటాను.

దయచేసి సొంతంగా మాత్రం ఏదీ తేవద్దు. 2005లో అమెరికాలో ఒక పిల్లాడికి కాల్షియం ఈడీటీఏ అనే చిలేషన్ మందు బదులు, పేరు దగ్గరగా ఉండే సోడియం ఈడీటీఏ ఎక్కించారు. రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు.

సుధ: 780 మంది సగటు చూసి ఒక తండ్రిని ఆగమంటే నాకు మనసొప్పదు. కానీ ఇల్లు ముందన్న మాట నిజమే.

చిన్నోడి నాన్న: మరి ఈలోపు ఏం చెయ్యాలి?

మందుల మనిషి: ఆ ఇంట్లో ఉండకండి. మారేదాకా నేల, కిటికీలు తడిగుడ్డతోనే తుడవండి, పొడి చీపురు వద్దు. రంగు గీకించకండి, దుమ్ము లేస్తుంది. బాబుకి ఐరన్ తక్కువుందేమో చూపించండి. ఐరన్, కాల్షియం తక్కువైతే సీసం ఎక్కువ ఒంటబడుతుంది. ఇంట్లో ఇంకా పిల్లలున్నారా?

చిన్నోడి నాన్న: ఏడు నెలల పాప ఉందండీ. ఆ కిటికీ కిందే పాకుతుంది. రేపే పరీక్షకి తీసుకెళ్తాం.