వాడని డొమైన్ పేర్లు వెనక్కి తీసుకోవాలా?

శ్రీను_బెజవాడ:
మా చెల్లి పచ్చళ్ళ వ్యాపారానికి ఒక డాట్ కామ్ పేరు అనుకున్నాం. ఎవరో ఎప్పుడో కొని పెట్టేసుకున్నారు. తెరిస్తే నాలుగు ప్రకటనలు, పైన 'అమ్మకానికి ఉంది' అని ఒక ముక్క. ధర అడిగితే రెండు లక్షలట! ఏటా వెయ్యో పదిహేనొందలో కట్టి పేరు మీద కూర్చోవడం న్యాయమేనా? ఏడాదిలోగా సైటు పెట్టకపోతే లాగేసుకోవాలి.

ఖాళీ_జాగా:
అన్నా, ఊరవతల జాగా కొని ఇరవై ఏండ్లు ప్రహరీ కట్టి వదిలేసినోళ్లను ఏమంటం? ముందుచూపున్నోడంటం. నా దగ్గర గూడ కొన్ని పేర్లున్నయి, దాచేదేముంది. వాయిస్ డాట్ కామ్‌ను అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ మైక్రోస్ట్రాటజీ ఏండ్లకేండ్లు పెట్టుకొని 2019ల 3 కోట్ల డాలర్లకు అమ్మింది. అది మామూలు ఇంగ్లీషు మాట, ఎవని సొత్తు గాదు.

కృష్ణవేణి_వకీలు:
ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలు కలిపేస్తున్నారండీ. పేరు ఖాళీగా ఉంచడం నేరం కాదు. ఇంకొకరి పేరు మీద కన్నేసి కొనడమే తప్పు. డొమైన్ పేర్ల తగాదాలు తేల్చడానికి 1999లో వచ్చిన యూడీఆర్‌పీ నిబంధనలు చూసేది అదే: పేరు మీ ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉండాలి, కొన్నవాడికి దాని మీద హక్కు ఉండకూడదు, కొనడం, వాడడం రెండూ దురుద్దేశంతో జరగాలి. 'వాడనే లేదుగా' అంటే తప్పించుకోలేరు. 2000లో ఆస్ట్రేలియా టెలిఫోన్ సంస్థ టెల్‌స్ట్రా పేరుతో ఒకరు డొమైన్ కొని, సైటే పెట్టకుండా ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే దురుద్దేశపు వాడకం కిందికి వస్తుందని వైపో (ఐక్యరాజ్యసమితి మేధోసంపత్తి సంస్థ) ప్యానెల్ తేల్చి, పేరు టెల్‌స్ట్రాకి ఇప్పించింది. మన డాట్ ఇన్ నిబంధనలు ఇంకా గట్టివి, కొనడంలోనో వాడడంలోనో ఒక్కచోట దురుద్దేశం చూపితే చాలు. డొమైన్లకు విడిగా చట్టం లేకపోయినా ట్రేడ్‌మార్క్ సూత్రాలే వర్తిస్తాయని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది సత్యం ఇన్ఫోవే, అంటే హైదరాబాద్ సత్యం వాళ్ళు పెట్టిన కంపెనీయే.

శ్రీను గారూ, మీ చెల్లెలు వ్యాపారం మొదలుపెట్టక ముందే వాళ్ళు ఆ పేరు కొన్నారు కదా, మీ మీద కన్నేసి కొన్నారని ఎలా చూపిస్తారు? పైగా వైపోలో ఒక్క ప్యానెలిస్టుతో తేల్చుకోవాలన్నా రుసుమే 1,500 డాలర్లు. లక్ష దాటిపోతుంది.

శ్రీను_బెజవాడ:
అయితే జియోహాట్‌స్టార్ డాట్ కామ్ కొన్న కుర్రాడి సంగతేంటి మేడం? అతను కొన్నప్పుడు ఆ పేరుతో కంపెనీయే లేదుగా.

కృష్ణవేణి_వకీలు:
జియో ఉంది, హాట్‌స్టార్ ఉంది. పాటల యాప్ సావన్ కాస్తా జియోసావన్ అయినట్టే ఇదీ అవుతుందని ఊహించి 2023లో కొన్నానని, కేంబ్రిడ్జ్ చదువుకు డబ్బు కావాలని అతనే 2024లో ఆ డొమైన్ పేజీలో రాసుకున్నాడు. తెలివైనవాడే, కానీ అవతలి లాయరుకి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఖాళీ_జాగా:
మరి ఉజీ నిస్సాన్? ఇంటిపేరే నిస్సాన్. 1994ల తన కంప్యూటర్ల దుకాణానికి నిస్సాన్ డాట్ కామ్ తీసుకుండు. కార్ల కంపెనీ 1999ల కేసేసింది. ఏండ్లు కొట్లాడి, 2020ల చనిపోయేదాక వదల్లే. శ్రీనన్న అనే 'లాగేసుకునుడు' రూలుంటే దెబ్బతినేది గిసుంటోళ్లే.

సర్వర్_రూమ్:
ఏడాదిలోగా సైటు ఉండాలని రూలు పెడితే, అందరూ 'త్వరలో' అని ఒక పేజీ పెట్టేస్తారు, అయిపోయింది. సైటు లేకుండా ఈమెయిల్‌కి మాత్రమే డొమైన్ వాడేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళనేం చేస్తారు?

శ్రీను_బెజవాడ:
సరే, రూలు కష్టమే. కానీ పేర్లు వందల్లో దాచుకునేవాళ్ళకి ఏటా కట్టేది పెంచాలి. ఈ మాట వెనక్కి తీసుకోను.

సర్వర్_రూమ్:
శ్రీను గారూ, ఆ పేరు గడువు ఎప్పుడు తీరుతుందో డొమైన్ వివరాలు చూపే హూఈజ్‌లో చూడండి. ఓనరు డబ్బు కట్టకపోతే, డాట్ కామ్‌కి గడువు దాటాక 45 రోజుల వరకు గ్రేస్ (కట్టడానికి అదనపు గడువు), తర్వాత 30 రోజుల రిడెంప్షన్ (పాత ఓనరు తిరిగి తెచ్చుకోవడానికి చివరి అవకాశం), ఇంకో 5 రోజులకి పేరు బయటికొస్తుంది. పేరు బయటికి రాగానే మీకోసం పట్టుకోమని ముందే బ్యాక్‌ఆర్డర్ పెట్టుకోండి. రెండు లక్షలు మాత్రం ఇవ్వకండి.

కృష్ణవేణి_వకీలు:
ఈలోగా డాట్ ఇన్ ఉంటే తీసేసుకుని, ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టండి.