అక్యూట్, ఇన్‌ఫ్లమేషన్: కనిగిరి, ఉదయగిరి వైపు పల్లెల్లో వాడే మాటలు చెప్తారా?

కిడ్నీ రిపోర్టుల్లోని మాటలకు, కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు పెద్దవాళ్లకు అర్థమయ్యేలా ఒక పేజీ రాస్తున్నాను. రెండు మాటల దగ్గర ఆగిపోయాను.

మొదటిది అక్యూట్. పుస్తకాల్లో 'తీవ్రమైన' అని ఉంటుంది. కానీ అక్యూట్ అంటే గంటల్లో, రోజుల్లో ముంచుకొచ్చేది, క్రానిక్ అంటే నెలలు, ఏళ్లు సాగేది. రెండూ కాలానికి సంబంధించిన మాటలే. 'తీవ్రమైన' అనేసరికి, క్రానిక్ అంటే పెద్ద ప్రమాదం లేనిది అనుకుంటున్నారు. ఇది చాలా చేటు చేసే పొరపాటు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే క్రానిక్ అంటారు, 15 కంటే దిగితే కిడ్నీ ఫెయిల్యూర్ దశ. నొప్పేమీ తెలియకుండానే అంత దూరం రావచ్చు. 'ఉన్నట్టుండి వచ్చింది', 'పాతుకుపోయింది' అంటే సరిపోతుందా?

రెండోది 'వాపు'. ఇన్‌ఫ్లమేషన్‌కూ (దెబ్బకో, ఇన్‌ఫెక్షన్‌కో శరీరం స్పందించి ఆ భాగం ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బడం) ఇదే మాట, ఎడీమాకూ (ఒంట్లో నీరు చేరి ఉబ్బడం) ఇదే. నెఫ్రైటిస్‌ను, అంటే కిడ్నీల్లో వచ్చే ఇన్‌ఫ్లమేషన్‌ను, 'కిడ్నీల వాపు' అని రాస్తే, కాళ్లు నొక్కి చూసుకుని గుంట పడలేదు కాబట్టి జబ్బు లేదంటారు. ఎడీమాకు 'నీరు పట్టడం' బాగా కుదిరింది. ఇన్‌ఫ్లమేషన్‌కే మాట దొరకడం లేదు. 'మంట' అంటే మూత్రంలో మంట అనుకుంటారు.

క్రియాటినిన్‌తో ఇబ్బంది లేదు: కండరాల్లో పుట్టే వ్యర్థం, కిడ్నీ వడకట్టలేకపోతే రక్తంలో పెరుగుతుంది.

ఆ వైపు ఆర్ఎంపీలు, ఆశా కార్యకర్తలు, నర్సులు ఎవరైనా ఉంటే, ఈ రెండింటికి మీ దగ్గర జనం నోట వినిపించే మాటేమిటో, అది ఏ మండలంలో వాడతారో రాయండి.