పనిలోకి వెళ్లే ఫెరెట్‌ను ముద్దు చేస్తే చెడిపోతుందా? ఆడ ఫెరెట్ జతకోరే ఎద దశ మూడు వారాలైనా తగ్గలేదు

కొత్త పెంపకందారు:

మిత్రులకు నమస్కారం. మా పెదనాన్న గారు పంట పొలాల్లో కుందేళ్ల బెడద తగ్గించడానికి చాలా ఏళ్లుగా ఫెరెట్లను, అంటే ముంగిసలా సన్నగా పొడవుగా ఉండి కుందేళ్ల బొరియల్లోకి దూరగలిగే పెంపుడు జంతువులను, పెంచేవారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఇక బొరియల దగ్గర వంగి కూర్చోలేకపోతున్నానని, చలికాలంలో తన దగ్గర మిగిలిన రెండింటినీ నాకు అప్పగించారు. ఒకటి రెండేళ్ల ఆడది, మరొకటి మూడేళ్ల మగది. రెండింటికీ పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించలేదు కనుక వేరువేరు గూళ్లలో ఉంచుతున్నాను. ఇంట్లో పిల్లలకు అవి అప్పుడే చేరువయ్యాయి. రోజూ సాయంత్రం గంటసేపు గదిలో వదిలితే వాళ్లతో కలిసి గెంతుతాయి.

పెదనాన్న గారి పద్ధతి వేరు. పనిచేసే జంతువును ఒళ్లో పెట్టుకుంటే మెత్తబడిపోతుందని, బొరియలోకి దింపే ముందు రోజు నుంచి ఆహారం ఆపితేనే కసిగా వేటాడుతుందని ఆయన నమ్మకం. ఆయన మాట ప్రకారమే చలికాలం చివర్లో ఒకసారి ఆడదాన్ని ఖాళీ కడుపుతో దింపాను. అది లోపలే ఉండిపోయి నాలుగు గంటల తర్వాత బయటికి వచ్చింది. వచ్చినా చేతికి చిక్కలేదు. నేను చెయ్యి చాచిన ప్రతిసారీ వెనక్కి జరిగి బొరియలోకి దూరింది. ఎక్కడ పొరపాటు చేశానో అర్థం కాలేదు.

మరొక విషయం. దాని జననాంగం మూడు వారాలకు పైగా వాచి ఉంది. ఎదకు వచ్చిందని తెలుసు. దానంతట అదే తగ్గుతుందని పెదనాన్న గారు అంటున్నారు కానీ, రెండు రోజులుగా అది మునుపటంత చురుగ్గా ఆడడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పశువైద్యురాలు:

మీరు చివర్లో రాసిన విషయాన్నే నేను ముందుగా తీసుకుంటున్నాను, ఎందుకంటే మిగిలినవి ఆగగలవు, ఇది ఆగదు. ఆడ ఫెరెట్‌లో అండం దానంతట అది విడుదల కాదు. మగదానితో జతకడితేనే విడుదలవుతుంది. జత దొరకకపోతే పగటి వెలుతురు ఎక్కువగా ఉండే నెలలన్నీ అది ఎదలోనే ఉండిపోవచ్చు. అంత కాలం రక్తంలో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఎముకల్లోని మూలుగను అణచివేస్తుంది. మూలుగ పని ఆగితే ఎర్ర కణాలు, తెల్ల కణాలు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన కణాలు, మూడూ పడిపోతాయి. ఆ దశకు చేరిన జంతువును దక్కించుకోవడం చాలా కష్టం. వదిలేస్తే తగ్గిపోయే ఎద కాదిది, ప్రాణం తీసే ఎద.

ఈ రోజే పెదవి పైకెత్తి చిగుళ్ల రంగు చూడండి. గులాబీ రంగు పోయి పాలిపోయినా, పొట్ట చర్మం కింద సూదితో పొడిచినట్టు ఎర్రని చుక్కలు కనిపించినా, తోక మొదట్లో జుట్టు రాలుతున్నా, వెనుక కాళ్లు తూలుతున్నా రేపటి వరకు ఆగవద్దు. ఇవేవీ లేకపోయినా మూడు వారాలు దాటిందన్న ఒక్క కారణం చాలు, రక్త పరీక్ష చేయించడానికి. ఆట తగ్గిందని మీరు గమనించడం చాలా మంచిదైంది. రోజూ చేతిలోకి తీసుకునేవారికి తప్ప అంత చిన్న మార్పు కంటపడదు.

పరిష్కారాలు చాలానే ఉన్నాయి. ఎదను ఆపే హార్మోను ఇంజెక్షన్ ఉంది. చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ ఇంప్లాంట్, అంటే ఎద హార్మోన్లను అణిచే చిన్న మందు గుళిక, సాధారణంగా ఏడాదికి పైగా పనిచేస్తుంది. వాసెక్టమీ చేసిన (పిల్లలు పుట్టకుండా వీర్యనాళాలు కోసిన) మగదానితో జత కలిపితే ఎద ఆగుతుంది; కానీ తర్వాత చూలు లేకపోయినా ఆరు వారాల పాటు చూలు ఉన్నట్టే ప్రవర్తించి, ఋతువు మిగిలి ఉంటే మళ్లీ ఎదకు రావచ్చు. శస్త్రచికిత్స శాశ్వతమైన మార్గమే అయినా, ముఖ్యంగా చిన్న వయసులో చేసినప్పుడు, పెద్దయ్యాక మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథుల జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని గమనించినప్పటి నుంచి చాలా మంది వైద్యులు ఇంప్లాంట్ వైపు మొగ్గుతున్నారు. పైగా ఎదలో ఉన్నప్పుడు రక్తస్రావం ముప్పు ఎక్కువ కనుక కణాల సంఖ్య చూడకుండా కత్తి పట్టకూడదు. మీ మగదానితో కలిపేస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే, 42 రోజుల్లో సుమారు ఎనిమిది పిల్లలు పుడతాయని, వాటన్నింటికీ మంచి ఇళ్లు వెతకవలసింది మీరేనని గుర్తుంచుకోండి.

ఆకలితో ఉంచడం గురించి కూడా ఒక మాట. ఫెరెట్ పూర్తి మాంసాహారి. పేగు చాలా పొట్టి, తిన్నది సుమారు మూడు నాలుగు గంటల్లో బయటికి వెళ్లిపోతుంది. శస్త్రచికిత్సకు ముందు కూడా మేము దాన్ని రాత్రంతా పస్తు ఉంచము. నడివయసు దాటిన ఫెరెట్లలో క్లోమంలో ఇన్సులిన్‌ను అతిగా విడుదల చేసే ఇన్సులినోమా అనే కణితి తరచుగా వస్తుంది. అది ఉన్నదానికి ఒక పూట తిండి ఆపినా రక్తంలో చక్కెర పడిపోయి, శూన్యంలోకి చూస్తూ, చొంగ కారుస్తూ, నోటిని కాలితో గీరుకుంటూ కూలబడవచ్చు. అది బొరియలోపల జరిగితే మీకు తెలిసే దారి లేదు.

సంచివల:

వైద్యురాలు గారు చెప్పినదానికి నేను కలపవలసింది లేదు. ముందు ఆ పని చూసుకోండి. బొరియ దగ్గర జరిగిన దాని గురించి మాత్రం నాకు తెలిసింది రాస్తాను. ఇరవై చలికాలాలుగా ఈ పని చేస్తున్నాను, మీరు చేసిన రెండు తప్పులూ నేను అంతకు ముందే చేశాను.

ఫెరెట్ పని కుందేలును చంపడం కాదు, బయటికి తరమడం. బొరియ నోళ్లన్నింటి మీదా సంచి వలలు పరిచి, ఫెరెట్‌ను లోపలికి వదిలితే, దాని వాసనకు భయపడి కుందేలు పరుగెత్తి వలలో పడుతుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో వర్ణించిన పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. ఇప్పుడు ఆలోచించండి: ఆకలి మీద ఉన్న ఫెరెట్ కుందేలును తరిమి ఊరుకుంటుందా? మూలకు ఒత్తి పట్టుకుని, కడుపు నిండా తిని, దాని పక్కనే పడుకుంటుంది. మీది నాలుగు గంటలు లోపల చేసిన పని బహుశా అదే. అలాగని కడుపు నిండా పెట్టి తీసుకువెళ్తే మధ్యలోనే నిద్రపోతుంది. రోజులో పద్నాలుగు గంటలకు పైగా నిద్రపోయే జంతువు కదా. ఉదయం మామూలు కంటే తక్కువగా, పలుచగా ఒక పూట పెట్టి, పని అయ్యాక తృప్తిగా పెట్టండి. మూతికి చిక్కం కట్టే పాత అలవాటును మాత్రం నేను సమర్థించను. లోపల ఎలుక ఎదురైతే అది తనను తాను కాపాడుకోలేదు. తప్పిపోతే తిండీ తినలేదు.

ఇక చేతికి చిక్కకపోవడం. ఇది ఫెరెట్ తప్పు కాదు, మన చేతి తప్పు. అది తల బయట పెట్టగానే ఆత్రంగా మెడ అందుకుని లాగుతాము. రెండు మూడుసార్లు అలా జరిగితే, బొరియ నోటి దగ్గర చెయ్యి అంటే గద్ద లాంటిదని దానికి అర్థమవుతుంది. ఇక వాకిలి దాటకుండా ముందుకీ వెనక్కీ దోబూచులాడుతుంది. పూర్తిగా బయటికి రానివ్వాలి. అరచేయి పైకి తిప్పి, నేల మీద ఆనించి, దాని ముందు నుంచి మెల్లగా ఛాతీ కిందికి జార్చి ఎత్తుకోవాలి. పై నుంచి ఎప్పుడూ వద్దు. రోజూ పిల్లల ఒళ్లో తిరిగే ఫెరెట్‌కు ఈ భయమే ఉండదు. మీ పెదనాన్న గారి అనుభవం మీద గౌరవం ఉంది కానీ, ముద్దు చేస్తే పని చెడుతుందన్న మాట నాకు ఒక్క జంతువులోనూ నిజం కాలేదు. నా దగ్గర అన్నిటికంటే బాగా పనిచేసింది రాత్రి నా భుజం మీద నిద్రపోయేది.

రేడియో సంకేతం పంపే ట్రాన్స్‌మిటర్ మెడపట్టీ లేకుండా ఇక ఒక్కసారి కూడా దింపవద్దు. అవి రాకముందు, లోపల ఉండిపోయిన ఆడదాన్ని వెతకడానికి బలమైన మగదాన్ని తాడు కట్టి పంపి, తాడుకు వేసిన ముడులను బట్టి దూరం లెక్కపెట్టి తవ్వేవారు. ఇప్పుడు పైనున్న రిసీవర్ చోటూ లోతూ చెబుతుంది. ప్రతిసారీ దింపే ముందు బ్యాటరీ పరీక్షించండి. పట్టీ వేరుకు తగులుకునేంత వదులుగా ఉండకూడదు, ఊపిరి సలపనంత బిగువుగానూ ఉండకూడదు. తవ్వేటప్పుడు చివరి జానెడు చేత్తోనే తీయండి. పరికరం పాడై దాన్ని కనుక్కోలేకపోతే, పడుకునే గడ్డితో సహా దాని పెట్టెను బొరియ నోటి దగ్గర ఉంచి తెల్లవారకముందే తిరిగి వెళ్లండి. చాలాసార్లు అందులోనే ముడుచుకుని కనిపిస్తుంది. వదిలేసి రావడం అన్నది మాత్రం ఉండకూడదు. తప్పిపోయిన ఫెరెట్ ఎక్కువ రోజులు బతకదు. బతికిన చోట నేల మీద గూడు కట్టే పక్షులకు అది యమపాశం. ఎగరలేని పక్షులున్న న్యూజిలాండ్‌లో 2002 నుంచి వాటిని అమ్మడం, పిల్లలు పెట్టించడం నిషేధించారంటే కారణం అదే.

పని ముగిశాక వీపు మీద వేళ్లు పెట్టి తడమండి. కుందేలు వెనుక కాళ్లతో తన్నిన గాయాలు బొచ్చు కింద దాగి ఉంటాయి. తుపాకీతో కొట్టిన కుందేలు మాంసం పెట్టవద్దు, సీసం గుళ్లు కడుపులోకి పోతాయి.

మూడు ఫెరెట్ల ఇల్లు:

నేను పనికి వాడను, ఇంట్లో పెంచుతాను. కనుక పిల్లలున్న ఇంటి గురించే రాస్తాను. ఫెరెట్ వీపు విల్లులా వంచి, నోరు తెరిచి, పక్కలకు ఎగురుతూ గోడలకు గుద్దుకుంటే కొత్తవారు దాడి అనుకుని భయపడతారు. అది సంతోషం, ఆటకు పిలుపు. ‘డుక్ డుక్’ అన్నట్టు చేసే శబ్దం కూడా అలాంటిదే. బుస కొడితే మాత్రం పిల్లలను ఆగమనండి. ఎంత మచ్చికైన ఫెరెట్‌నైనా పసిబిడ్డతో ఒంటరిగా వదలకూడదు. ఈ ఒక్క విషయంలో నాకు మినహాయింపు లేదు.

రబ్బరు, స్పాంజి ఏది దొరికినా కొరికి మింగుతాయి, పేగుకు అడ్డుపడుతుంది. తిండి మానేసి వాంతి చేసుకుంటుంటే మొదట అనుమానించవలసింది అదే. మడత కుర్చీల్లోకి, పరుపుల లోపలికి దూరి నిద్రపోతాయి కాబట్టి కూర్చునే ముందు వెతకాలి. వాసన పోవాలని మాటిమాటికీ స్నానం చేయించకండి. చర్మం ఎండి ఇంకా ఎక్కువ నూనె ఊరుతుంది. పడక గుడ్డలు మార్చడమే మేలు. పాలు, పండ్లు, తీపి పదార్థాలు పిల్లలు ప్రేమతో పెడతారు, వాటిని పూర్తిగా ఆపించండి.

ఎండ విషయంలో సంచివల గారు రాయలేదు, ఆయన పని చలికాలంలో కనుక కావచ్చు. ఫెరెట్‌కు చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు సరిగా లేదు. 30 డిగ్రీలు దాటితే ప్రమాదం మొదలవుతుంది. నేను నీటి సీసాలను గడ్డకట్టించి గుడ్డలో చుట్టి గూట్లో పెడతాను, ఫెరెట్లు ఆ సీసాలకు ఆనుకుని పడుకుంటాయి. ఇంట్లో ఎవరికైనా ఫ్లూ జ్వరం ఉంటే వాటికి దూరంగా ఉండాలి. అది మన నుంచి వాటికి అంటుతుంది. 1933లో మనుషుల ఫ్లూ వైరస్‌ను తొలిసారి వేరుచేయగలిగింది కూడా ఫెరెట్ల సహాయంతోనే. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే దాదాపు ఏదీ బతకదు కనుక టీకా గురించి మీ వైద్యుణ్ని తప్పక అడగండి.

కొత్త పెంపకందారు:

ముగ్గురికీ ధన్యవాదాలు. మొదటి సమాధానం చదివిన గంటలోనే బయలుదేరాను. చిగుళ్లు కొద్దిగా పాలిపోయాయి. రక్త పరీక్షలో ఎర్ర కణాలు తగ్గడం మొదలైంది కానీ ప్రమాద స్థాయికి చేరలేదని వైద్యుడు చెప్పారు. ఇంప్లాంట్ పెట్టారు, రెండు వారాల్లో వాపు తగ్గాలట, ఆలోగా మళ్లీ పరీక్షకు తీసుకువెళ్లాలి. పెదనాన్న గారికి ఫోన్ చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. గతంలో రెండు ఆడవి వేసవిలో కారణం తెలియకుండా పోయాయని, ఇదేనేమోనని అన్నారు. ఆయన వాటిని ఎంత ప్రేమగా చూసుకున్నారో నాకు తెలుసు, అందుకే ఆ మాట వినడం కష్టమైంది.

చివరిగా ఒక ప్రశ్న. చెయ్యి అంటే దానికి కలిగిన భయం పోగొట్టడం వచ్చే చలికాలం వరకు ఆగాలా, ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?

సంచివల:

రక్త కణాలు కోలుకున్నాయని వైద్యుడు చెప్పగానే మొదలుపెట్టండి, ఇంట్లోనే. అది సులువుగా దూరగలిగే వెడల్పున్న మురుగు పైపు ముక్కను గదిలో పెట్టండి. ఒక వైపు నుంచి అది దూరుతుంది. రెండో వైపు అరచేయి నేల మీద ఆనించి, వేళ్ల మీద కాస్త మాంసం ఉంచి కదలకుండా కూర్చోవాలి. అది బయటికి వచ్చి తినే వరకు పట్టుకోకూడదు. కొన్ని రోజులు కేవలం తిననిచ్చి, తర్వాత ఛాతీ కింద చెయ్యి జార్చి ఎత్తి, వెంటనే మళ్లీ దింపి పైపులోకి పోనివ్వండి. ఎత్తడం అంటే ఆట ముగియడం కాదని దానికి తెలియాలి. రోజుకు పది నిమిషాలు చాలు. ఈ పని పిల్లలకే అప్పగించండి, మనకంటే వాళ్ల చేతులకు తొందర తక్కువ. మొదటి రెండు రోజులు మాత్రం పెదనాన్న గారిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. దీనికి కింద కూర్చోవలసిన పని లేదు, పైపును బల్ల మీద పెట్టుకోవచ్చు.